ఇంటివాళ్ళ మాట చెల్లదు

లా గార్సేరా ఊళ్ళో ఆదివారమంటే పొద్దున చర్చిలో ప్రార్థన, మధ్యాహ్నం వీచె, ఆ పైన సినిమా. ప్రార్థన ఎగ్గొట్టేవాళ్ళు ఉన్నారు గానీ మిగతా రెండూ ఎగ్గొట్టినవాళ్ళు లేరు. వీచె వండేది ఎర్సీలియా. వేయించిన వేరుశనగలు మెత్తగా నూరి, ఆ ముద్దలో చేప ముక్కలూ మొక్కజొన్న కండెలూ అరటికాయా వేసి ఆమె ఉడికించే ఆ చిక్కటి పులుసు వాసన సంత దాటి ఏటి దాకా పోయేది. రేకుల పందిరి కింద బల్లల మీద మోచేతులు ఆనించి జనం జుర్రుకుంటూ ఉంటే, ఆమె గరిటె తిప్పుతూ ఒక్కొక్కరికీ చురకలు వేసేది.

"ఇవాళ ఎంతమందిని చంపుతాడట ఓల్గెర్?" అని ఎవరో అడిగారు.

"నిన్ను చంపుతానంటే నేను ముందు వరసలో కూర్చుంటా. ముందు తిని లే, వెనకాల మనుషులు నిలబడ్డారు" అంది.

ఓల్గెర్ పశువుల మందులు అమ్మేవాడు. అతనికి సినిమా పిచ్చి. పెళ్ళిళ్ళలో వీడియోలు తీసే పాత కెమెరా ఒకటి సంపాదించాడు. రక్తానికి జాఫరా గింజలు నానబెట్టిన ఎర్రటి నూనె, పేగులకి కబేళాలో పారేసినవి, నటులకి ఊరి జనం. అలా తీసిందే 'బురద నక్షత్రం'. ఆకాశంలోంచి ఒక చుక్క రాలి చామె చేపల చెరువులో పడుతుంది. చెరువు బురద లేచి నిలబడి, మనుషుల వేడి వెతుక్కుంటూ నడుస్తుంది. ఆ బురద వేషం వేసింది పంక్చర్ల షాపు యోఫ్రె. పాత టైరు ట్యూబులు కోసి కుట్టిన అంగీ తొడుక్కుని, ఒంటి నిండా చెరువు మట్టి పూసుకుని నడిచేవాడు.

బియ్యం మిల్లు గోదాములో తలుపులన్నీ మూసి, సందుల్లో గోనెసంచులు కుక్కి, పట్టపగలే చీకటి చేసి సినిమా వేసేవాళ్ళు. అయిపోగానే ఎవరూ లేచి వెళ్ళకూడదు. ఓల్గెర్ మైకు పట్టుకుని వచ్చేవాడు. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని ప్రతివాళ్ళూ అభిప్రాయం చెప్పాలి. అదీ జనానికి వీపు పెట్టి, తెర వైపు తిరిగి చెప్పాలి. మొహాలు చూస్తూ చెబితే మొహమాటం అడ్డొస్తుందని అతని ఉద్దేశం. నటించినవాళ్ళకీ వాళ్ళ ఇంటివాళ్ళకీ మాత్రం మైకు ఇచ్చేవాడు కాడు. "ఇంటివాళ్ళ మాట చెల్లదు. వాళ్ళెలాగూ బాగుందనే అంటారు" అనేవాడు.

మొదట్లో ఆ అభిప్రాయాలు విని, ఆ వారంలో కొన్ని సీన్లు మళ్ళీ తీసి అతికించేవాడు. ఒక వానాకాలం కెమెరాలో నీళ్ళు పోయాయి. ఆ వారం ఏమీ తియ్యలేకపోయాడు. అయినా ఆదివారం వేసి చూస్తే, జనం అడిగిన మార్పులన్నీ సినిమాలో ఉన్నాయి. ఓల్గెర్ ఖర్చు కలిసొచ్చిందని సంతోషించాడు. జనం తమ మాట మన్నించినందుకు సంతోషించారు. అప్పటినుంచీ మైకులో ఎవరైనా మాట్లాడితే తెర గుడ్డ చిన్నగా లోపలికి పీల్చుకున్నట్టు కదిలేది. అంటే ఆ మాట అందిందన్నమాట.

కాకపోతే సినిమాలో మారింది మనిషిలోనూ మారేది. మంగలి ఉల్పియానో మీసం అతికించినట్టుందని ఎవరో అన్నారు. అది అతని సొంత మీసం, కుర్రతనం నుంచీ నూనె రాసి పెంచుకున్నది. సోమవారం తెల్లారేసరికి పై పెదవి నున్నగా ఉంది, మళ్ళీ మొలవలేదు. వాళ్ళమ్మ మైకు లాక్కుని నా కొడుకు మీసం నాకిచ్చెయ్యమని ఏడ్చింది గానీ తెర కదల్లేదు. ఇంటివాళ్ళ మాట చెల్లదని తెరకీ తెలుసు. ఇంకోసారి ఒక ముసలాయన మైకులో, "ఈ బల్ల మీద కూర్చుని నడుం పడిపోయింది" అని గొణిగాడు. తర్వాతి వారం సినిమాలో డాక్టరమ్మ నడుం పట్టుకుని నడిచింది. ఆ వేషం వేసిన నెల్వాకి ఇప్పటికీ వంగితే లేవడం కష్టం. మైకులో పడ్డ మాట సినిమా గురించా కాదా అని తెర తర్కించదు, అందినదంతా తీసుకుంటుంది. అందుకని జనం ఆచితూచి మాట్లాడడం నేర్చుకున్నారు. యోఫ్రె విషయంలో మాత్రం నోరు జారారు. బురద మనిషికి బూట్ల ఆకారం కనిపిస్తోందని ఎవరో అనడంతో, పాపం యోఫ్రె కాలివేళ్ళు కలిసిపోయి పలకల్లా అయ్యాయి. ఆ తర్వాత అతను చెప్పులు తొడుక్కోలేదు.

ఎర్సీలియా మనిషి తొబీయాస్ ఆ సినిమాలో చెరువు కాపలావాడు. బయట కూడా అతను చెరువు కాపలావాడే. సినిమాలో చూపించిన కాపలా గుడిసె కూడా అతనిదే, గోడ మీద మేకుకి తగిలించిన ఫొటో కూడా నిజంగా అతను తగిలించుకున్నదే. అందులో ఎర్సీలియా పడుచుతనంలో కార్నివాల్ రోజున మొహాన పిండి పూసుకుని నవ్వుతూ ఉంటుంది. కథ ప్రకారం చంకలో బిడ్డతో ఒక తల్లి పరిగెత్తుకొస్తే అతను గేటు తీసి లోపలికి రానివ్వాలి. తీరా తీసేటప్పుడు ఆమె వెనకాల ట్యూబుల అంగీలో ఊగుతూ వస్తున్న యోఫ్రెని చూసి తొబీయాస్‌కి నిజంగానే గుండె జారింది. గేటు ధడాలున మూసి గడియ పెట్టేశాడు. ఆ తల్లి గేటు కొట్టింది, ఓల్గెర్ తెరవమని చేతులు ఊపాడు, అతను తెరవలేదు. గుడిసెలోకి పోయి దుప్పటి ముసుగుపెట్టి పడుకున్నాడు. సినిమాలో ఆ సీను అలాగే ఉంచేశారు.

తొబీయాస్ పిరికివాడన్న సంగతి ఎర్సీలియాకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఉరుము ఉరిమితే మంచం కిందికి చూసేవాడు. ఏరు పొంగితే అన్నం మానేసేవాడు. ఇద్దరూ కుర్రతనం నుంచీ ఒకే ఇంట్లో ఉంటున్నారు గానీ పెళ్ళి కాలేదు. ఆ ఊళ్ళో అది వింతేమీ కాదు, అందరూ ఆమెని తొబీయాస్ పెళ్ళామనే అనేవారు. కానీ ఆమె పెట్టెలో పెళ్ళి గౌనుకని మడతపెట్టిన తెల్ల గుడ్డ ఒకటి ఎప్పటినుంచో ఉంది. ఫాదర్ ఊరికి వచ్చినప్పుడల్లా తొబీయాస్‌కి ఏదో ఒక పని తగిలేది. చెరువు గండి పడిందనేవాడు, ఆవు ఈనుతోందనేవాడు. "నీకు ఫాదరంటే కూడా భయమేనా?" అని ఆమె నవ్వేది. నవ్వి, ఆ గుడ్డలో కలరా ఉండలు మార్చి పెట్టెకి మూత వేసేది.

గేటు సంగతి ఊరంతటికీ ఆటైపోయింది. పందిరి కింద కూర్చోగానే, "గేటు వేసొచ్చావా తొబీయాస్?" అనేవాళ్ళు. "వేశాను, నువ్వు బయటే ఉన్నావ్" అనేవాడు అతను. ఎర్సీలియా కూడా నవ్వేది. ఆ నవ్వు పొరుగూరి పశువుల బేరగాడు డోన్ అబ్దోన్ వచ్చేదాకానే.

పుయెంతె వియేహో నుంచి అతను ఆ ఆదివారం దూడల కోసం వచ్చి సినిమా చూశాడు. నిలువెత్తు మనిషి, గొంతు కూడా అంతే. మైకు తీసుకుని తెర వైపు తిరిగాడు.

"బాగానే ఉంది. రాత్రికి నాకు నిద్ర పట్టదు. కానీ ఒక్కటి మాత్రం మింగుడు పడలేదయ్యా. బిడ్డతల్లి మొహాన గేటు వేసినవాడు దుప్పటి కప్పుకుని హాయిగా పడుకోవడమా? ఆ బురద వాడి దగ్గరికి పోవాలి. వాడి సంగతి తేలాలి. పండక్కి మా ఊరు ఊరంతా తోలుకొస్తాను. వాడెలా చావాలో అందరం కూర్చుని చెబుతాం."

గోదామంతా చప్పట్లు. చప్పట్ల మధ్య తెర కదలడం ఎర్సీలియా చూసింది. పక్కన తొబీయాస్ కూడా చూశాడు. అతను చప్పట్లు కొడుతూనే ఉన్నాడు, ఏం చెయ్యాలో తెలియక.

ఆ మర్నాడు పొద్దున్నే ఆమె కాఫీ కోసం నీళ్ళు తేవడానికి దిగింది. వాళ్ళది నిలువు గుంజల మీద కట్టిన వెదురు ఇల్లు. నిచ్చెన కింద మట్టిలో తడి అడుగులు ఉన్నాయి. వెడల్పుగా, వేళ్ళు కలిసిపోయి, పలకల్లా. కాలిన రబ్బరు వాసన, చామె చేపల వాసన. ఆమె చీపురు తీసుకుని చెరిపేసింది. ఆ మర్నాడు బురద నిచ్చెన మొదటి మెట్ల మీద ఉంది. ఆ తర్వాత ఇంకా పైన. రోజూ తొబీయాస్ లేచేలోపు ఆమె కడిగేసేది, అతను రోజూ నిద్ర నటిస్తూ ఆ కడుగుతున్న చప్పుడు వినేవాడు.

"ఎంతదాకా వచ్చింది?" అని ఒకరోజు దుప్పట్లోంచే అడిగాడు.

"ఏది?"

"నాతో ఆటలాడకు ఎర్సీ. ఎంతదాకా వచ్చింది?"

"పై మెట్టు దాకా" అంది. ఆమె పక్కన కూర్చుని అతని పాదాలు ఒళ్ళో పెట్టుకుంది. రెండూ చల్లగా ఉన్నాయి.

ఆమె యోఫ్రె షాపుకి పోయింది. అతను గ్రీజు డబ్బాల మధ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ దాకా ఎండిన బురద.

"నాకేం తెలియదు డోన్యా ఎర్సీలియా" అంటూ ఏడ్చేశాడు. "పడుకునేముందు కాలు గుంజకి కట్టేసుకుంటున్నా. లేచేసరికి తాడు తెగి ఉంటోంది. తొబీయాసన్న నాకేం అపకారం చేశాడని? నాకు అప్పుడప్పుడూ అంబలి కూడా పోసేవాడు. నన్ను ఆపమని ఎవరికైనా చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

ఆమెకి అతని మీద కోపం రాలేదు, భయం మాత్రం రెట్టింపయింది. భయపెట్టేవాడే భయపడుతుంటే ఇక ఎవరిని బతిమాలుకోవాలో ఆమెకి తోచలేదు.

ఆదివారం వచ్చింది. సినిమాలో ఆ బురద మనిషి గేటు దగ్గర తల్లీబిడ్డల్ని వదిలేసి, గట్టు చుట్టూ తిరిగి, వెనకవైపు నుంచి గుడిసె నిచ్చెన ఎక్కింది. తలుపు మీద చెయ్యి ఆనించింది. లోపల దుప్పటి వణుకుతోంది. అంతటితో బొమ్మ ఆగిపోయింది. తెల్లటి గుడ్డ మిగిలింది. ఓల్గెర్ మైకు చాపితే ఒక్కరూ తీసుకోలేదు. ఎవరికివాళ్ళు ఇళ్ళకి పోయారు. సోమవారం ఎర్సీలియా తలుపు తెరిస్తే బయటివైపు అరచెయ్యంత బురద మచ్చ ఉంది. ఎన్ని నీళ్ళు కొట్టినా పోలేదు.

తడి చేతులతోనే ఓల్గెర్ దుకాణానికి పోయింది.

"పండక్కి సినిమా ఆపెయ్. డిస్కు ఏట్లో పారెయ్ ఓల్గెర్."

"పారేస్తే చెయ్యి తలుపు మీదే ఉంటుంది కదా డోన్యా" అన్నాడతను. అతని కళ్ళు కూడా నిద్ర లేక ఉబ్బి ఉన్నాయి. "ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోతుంది, మీ తలుపు అవతల, ఎప్పటికీ. ఎవరో ఒకళ్ళు మాట చెబితేగానీ అది కదలదు."

"అయితే మైకు నాకియ్యి."

"ఇస్తాను, తెర తీసుకోవద్దూ? ఉల్పియానో వాళ్ళమ్మని చూశారు కదా. మీరాయన ఇంటి మనిషి." మందు సీసాలు సర్దుతున్నట్టు కాసేపు అటూ ఇటూ కదిపాడు. "తప్పు నాదే. ఆరోజు రెండోసారి తీసుండాల్సింది. ఎండ పోయింది, ట్యూబులు చిరిగాయి, పోన్లే అనుకున్నా. ఒక్కసారి మళ్ళీ అడిగుంటే తొబీయాస్ గేటు తెరిచేవాడు."

ఆమె నెల్వాని పట్టుకుంది. తొబీయాస్ నెల్వా కూతురికి జ్ఞానతండ్రి, కాబట్టి నెల్వా ఎర్సీలియాని కొమాద్రే అనే పిలిచేది. రక్తసంబంధం లేదు కాబట్టి ఆమె మాట చెల్లాలి. నటించిన మనిషే అయినా, నడుం నొప్పి తర్వాత ఆ డాక్టరమ్మ పాత్రని ఓల్గెరే సినిమాలోంచి ఎప్పుడో కత్తిరించేశాడు. "చెబుతాను కొమాద్రే, నా నోరు నొక్కేవాడెవడు?" అంది నెల్వా. ఆ ధైర్యానికి ఎర్సీలియా ఆమెకి పెద్ద గిన్నెడు వీచె పోసింది.

సాన్ అంద్రేస్ పండగనాడు పుయెంతె వియేహో జనం లారీల మీద దిగారు. గోదాములో కాలు పెట్టే చోటు లేదు. ఊక వాసనా చెమట వాసనా. తొబీయాస్ వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రాకపోతే పిరికివాడంటారని వచ్చాడు, పిరికితనం వల్లనే వచ్చాడు. సినిమా మొదలై, నడిచి, తలుపు మీద చెయ్యి దగ్గర ఆగింది.

నెల్వా ముందు లేచింది. మైకు తీసుకుని తెర వైపు తిరిగింది. "ఆ కాపలాయన..." అనగానే వెనకనుంచి ఈలలు, కేకలు. "ఆడేం నీ మొగుడా?" అని ఎవడో అరిచాడు. ఆమె చెయ్యి దానంతటదే నడుం మీదికి పోయింది. "పాట కొంచెం గట్టిగా ఉంది" అని చెప్పి వచ్చేసింది. ఎర్సీలియా వైపు చూడలేదు. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా ఎర్సీలియాకి రాలేదు. ఆ తెర ముందు నిలబడితే తనకీ అలాగే అవుతుందేమోననిపించింది.

ఆ తర్వాత పొరుగూరివాళ్ళు వరస కట్టారు. తలుపు విరగ్గొట్టాలన్నాడొకడు. వద్దు, కిటికీలోంచి మెల్లగా కారాలన్నాడింకొకడు. నోట్లోంచి బురద పొయ్యాలంది పూల గౌను వేసుకున్న ఒకావిడ, తిన్నది అరక్కముందే. అందరూ నవ్వుతున్నారు, పాపం వాళ్ళకి ఇదంతా ఆట. ప్రతి మాటకీ తెర కొద్దిగా లోపలికి పోయి వస్తోంది. ఎంతమంది ఎన్ని చెప్పినా ఒకే సంగతి మీద ఆఖరున పడ్డ మాటే నిలుస్తుందని లా గార్సేరా వాళ్ళందరికీ తెలుసు. ఆఖరున డోన్ అబ్దోన్ లేచాడు.

"అది తలుపు తియ్యాలి. వాడి దుప్పటి లాగాలి. వాడు కళ్ళు తెరిచి చూస్తుండగా పోవాలి. అంతే."

తెర బాగా లోపలికి పోయింది. అబ్దోన్ మైకు తిరిగి ఇస్తుంటే ఎర్సీలియా అడ్డం వెళ్ళి అందుకుంది.

"డోన్యా, ఇంటివాళ్ళ మాట..." అన్నాడు ఓల్గెర్ నెమ్మదిగా.

"నేనెవరి ఇంటిదాన్ని?" అంది ఆమె. జనం వైపు తిరిగింది. "నాకు ఫలానా మనిషితో పెళ్ళి జరగడం చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే లేవండి."

ఒక్కరూ లేవలేదు. లా గార్సేరా వాళ్ళు తలలు దించుకున్నారు. వెనక గోడ దగ్గర తొబీయాస్ మొహం చీకట్లో కనిపించలేదు. కనిపించకపోవడమే మంచిదయింది, కనిపిస్తే ఆమె చెప్పగలిగేది కాదు. తెర వైపు తిరిగి మైకు పెదాలకి ఆనించుకుంది.

"ఆ తొబీయాస్ నాకేమీ కాడు. నేను అతనికేమీ కాను. నేనెవరో, అతనెవరో. నేను ఊరికే సినిమా చూడ్డానికొచ్చిన మనిషిని."

గుడ్డ చిన్నగా వణికి, లోపలికి పీల్చుకుంది. ఎర్సీలియా మైకు వదల్లేదు. ఆగితే ఏడుపొస్తుందని గబగబా చెప్పేసింది.

"నాకు నచ్చనిది ఒక్కటే. కాపలావాణ్ణి ఒక్కసారే అడిగారు. భయపడ్డవాణ్ణి ఒక్కసారి అడిగితే చాలదు. ఇంకోసారి అడగాలి. అడిగితే తెరుస్తాడు. నాకు తెలుసు... చూసేవాళ్ళకెవరికైనా తెలుస్తుంది. గేటు తెరవాలి, తల్లీబిడ్డా లోపలికి రావాలి. వచ్చినది వచ్చిన దారినే చెరువులోకి పోవాలి. అతనికి మళ్ళీ భయం వెయ్యకూడదు. నా అభిప్రాయం అదీ."

తెర మళ్ళీ లోపలికి పోయింది, ఈసారి చాలాసేపు. అబ్దోన్, "ఇదేం అభిప్రాయం? ఇటియ్యి, నేను మళ్ళీ చెబుతా" అంటూ చెయ్యి చాచాడు. ఓల్గెర్ వంగి మైకు తీగ ఊడబెరికేశాడు. "పండగయిపోయింది డోన్ అబ్దోన్. బయట పందుల్ని కాల్చారు, చల్లారిపోతాయి" అన్నాడు.

ఇంటికి తొబీయాస్ ముందు నడిచాడు. నిచ్చెన దగ్గరికి వచ్చాక ఆగాడు.

"నిజంగానే అన్నావా ఎర్సీ?"

"నీ ప్రాణం కోసం అన్నాను."

"నాకు తెలుసులే." కాసేపు నిచ్చెన గుంజ గోళ్ళతో గీకాడు. "పండక్కి ఫాదర్ ఉన్నాడు కదా. రేపు పొద్దున్నే పోయి అడుగుదాం. నవ్వకు. రేపు పోదాం."

ఆమె నవ్వలేదు. ఆ మాట కోసం పడుచుతనమంతా కూర్చున్న మనిషి, అది చెవిన పడగానే వణికిపోయింది. రేపు పొద్దున్న దాకా అతను ఉంటే కదా. అతన్ని పడుకోబెట్టి చెయ్యి పట్టుకుంది. తనకి నిద్ర పడితే అతను జారిపోతాడని కళ్ళు విప్పుకునే కూర్చుంది. ఎప్పుడు రెప్ప వాలిందో తెలియదు.

తెల్లారి లేచేసరికి ఆమె చేతిలో చెయ్యి లేదు. తొబీయాస్ మంచం చివర గోడ వైపు తిరిగి చొక్కా గుండీలు గబగబా పెట్టుకుంటున్నాడు.

"క్షమించండమ్మా" అన్నాడు తల తిప్పకుండానే. "ఇది మీ ఇల్లనుకుంటా. నిన్న పండగలో తాగి దారి తప్పినట్టున్నాను. మీ మర్యాదకి భంగం కలిగే పని ఏమీ చెయ్యలేదనే అనుకుంటున్నాను. చేసుంటే చెప్పండి."

అంత పొందికగా, అంత మన్ననగా అతను ఆమెతో ఎన్నడూ మాట్లాడలేదు. ఆమె తల అడ్డంగా ఊపింది. కాఫీ కలిపి ఇస్తే నిలబడే తాగి, గ్లాసు కడిగి బోర్లించి, టోపీ ఎత్తి నిచ్చెన దిగి వెళ్ళిపోయాడు. తలుపు మీద మచ్చ లేదు. చెక్క శుభ్రంగా, పొడిగా ఉంది. ఎర్సీలియా ఆ చెక్కకి నుదురు ఆనించి ఎంతసేపు ఏడ్చిందో, ఆరోజు సంతలో వీచె లేదు.

ఏటి అవతల తొబీయాస్ అక్క ఇంట్లో అతని మంచం ఎప్పటినుంచో వేసున్నట్టే వేసి ఉంది. ఊళ్ళో ఎవరికీ ఏమీ గుర్తున్నట్టు లేదు. తొబీయాస్ ఒంటరివాడు, ఎర్సీలియా వీచె అమ్మే మనిషి, అంతే. నెల్వా మాత్రం వచ్చి ఊరికే వేరుశనగలు వలిచిపెట్టి పోయేది. ఎందుకు వలుస్తోందో ఆమెకే తెలియనట్టుండేది.

తర్వాతి ఆదివారం సినిమాలో తల్లి గేటు కొట్టింది. కాపలావాడు వణికాడు. ఆమె మళ్ళీ కొట్టింది. అతను గేటు తెరిచాడు. ఆమెని వెనక్కి తోసి తను ముందు నిలబడ్డాడు. బురద మనిషి అతన్ని ఎగాదిగా చూసి, తిరిగి పోయి చెరువులో మునిగింది. కాలివేళ్ళు మళ్ళీ విడిపోయిన యోఫ్రె కొత్త బూట్లు తొడుక్కొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. "ఇదివరకంత భయంగా లేదు" అని చాలామంది పెదవి విరిచారు. ఎర్సీలియాకి మాత్రం చెమటలు పట్టాయి. గుడిసె లోపల గోడ చూపించినప్పుడు మేకు ఉంది, మేకుకి ఫొటో లేదు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం తొబీయాస్ పందిరి కిందికి వచ్చాడు. పైన ఉరుములు పగిలిపోతున్నాయి. అతను తల కూడా ఎత్తలేదు. టోపీ తీసి పక్కన పెట్టుకున్నాడు.

"ఒక గిన్నె ఇవ్వండి."

ఆమె పోసింది. అతను రెండు చెంచాలు తిని ఆగాడు.

"కొత్తిమీర వెయ్యలేదేం? అందరి గిన్నెల్లోనూ ఉంది."

"మీకు పడదు కదా" అనేసి, నాలుక కరుచుకుంది.

"పడదు. మీకెలా తెలుసు?"

"కొంతమందికి పడదు."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఎప్పుడో విన్న పాట పల్లవి గుర్తు తెచ్చుకుంటున్నట్టు చాలాసేపు చూశాడు. అప్పుడే ఇంకో ఉరుము ఉరిమింది. అతను కదల్లేదు.

"ఒక మాట అడుగుతాను, తప్పయితే తిట్టండి. నాకు చుట్టూ తిప్పి మాట్లాడడం చేతకాదు. మీ ఇంట్లో మీ మనిషంటూ ఎవరైనా ఉన్నారా?"

ఇన్నేళ్ళూ అతని గొంతులోనే ఉండిపోయిన మాట అంత తేలిగ్గా బయటికొచ్చింది. భయమంతా ఇప్పుడు ఆమె దగ్గరికే వచ్చి చేరింది. ఇక్కడ మైకు లేదు, తెర లేదు. అయినా అన్న మాట ఎక్కడికి పోయి ఏమై వస్తుందోనని ఆమె గరిటె కింద పెట్టింది. ఉన్నాడంటే ఈ మనిషి టోపీ పెట్టుకుని లేచిపోతాడు. పందిరి పక్కన వానకి అడ్డంగా కట్టిన టార్పాలిన్ గాలికి లోపలికి పీల్చుకుని మళ్ళీ ఉబ్బింది. ఆమె దాన్ని చూసి, తర్వాత అతన్ని చూసింది.

"ఎవరూ లేరండీ" అంది. "కూర్చోండి. పులుసు చల్లారిపోతుంది."